వాయించుడు రానోడు చేసిన గిటార్

మోటార్ వైండింగ్ చేసుకునేటోనికి గిటార్‌తోని ఏం పని అని మీరు అడగొచ్చు. పని ఉన్నది. ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద ఉండే పికప్ అంటే ఏందనుకున్నరు? అయస్కాంతం, దాని చుట్టు ఎనామిల్ రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే కాయిల్ల సన్నటి కరెంటు పుడతది. గంతే. గిటార్ ముచ్చట తీస్తె అందరు వాయించినోళ్ల పేర్లు చెప్తరు గని, నాకు లియో ఫెండర్ యాదికొస్తడు. ఆయనకు గిటార్ వాయించుడే రాదు.

1909లో కాలిఫోర్నియాల నారింజ తోటల రైతుల ఇంట్ల పుట్టిండు. ఎనిమిదేండ్లప్పుడు ఎడమ కన్ను పోతే గాజు కన్ను పెట్టిన్రు. చదివింది అకౌంటింగు, రేడియోల పని మాత్రం సొంతంగ నేర్సుకున్నడు. మహామాంద్యంల కొలువు పోయింది. 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లర్టన్ పట్నంల రేడియో రిపేరు షాపు పెట్టిండు. బ్యాండోళ్లు యాంప్లిఫయర్లు పట్టుకొచ్చేది. వాళ్ల తిప్పలు ఇనుకుంట ఇనుకుంట గిటార్ల దాక పోయిండు. 1950లో తెచ్చిన గిటారే తర్వాత పేరు మారి టెలికాస్టర్ అయింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది.

ఇగ అసలు ముచ్చట వైరింగుది. టెలికాస్టర్‌కు రెండు పికప్‌లు, మూడు పాయింట్ల స్విచ్చు. కని రెండు కలిసి మోగే పాయింటే లేదు. దానికి బదులు ఒక పాయింట్ల మెడ దిక్కు పికప్‌కు కెపాసిటర్ తగిలించి, సన్న సౌండంత ఎర్తుకు తోలి, బేస్ లెక్క బొంగురుగ మోగెటట్టు చేసిండు. ఆయన లెక్క ఆయనది. చానామంది వాయించెటోళ్లకు అది నచ్చలె. సోల్డరింగ్ ఐరన్ పట్టి, రెండు పికప్‌లు కలిసెటట్టు వైర్లు మార్చుకున్నరు. కంపెనీ మార్చేసరికి 1967 దాటింది.

స్ట్రాటోకాస్టర్‌కు మూడు పికప్‌లు, మూడే పాయింట్లు, ఒక్కోపారి ఒక్కటే మోగాలె. స్విచ్చును రెండు పాయింట్ల నడుమ ఆపితే రెండు పికప్‌లు ప్యారలల్‌ల కలుస్తయని, ఆ సౌండ్ ఇంకో తీరుగుంటదని వాయించెటోళ్లే కనిపెట్టిన్రు. స్విచ్చు నిలవకపోతే అగ్గిపుల్ల ఇరికిచ్చినోళ్లు గూడ ఉన్నరంట. కంపెనీ ఐదు పాయింట్ల స్విచ్చు పెట్టింది 1977లో. అంటే ఇరవై మూడేండ్లకు! ఇంకో మార్పు ఉన్నది, నాకు మస్తు ఇష్టం. సింగిల్ కాయిల్ పికప్‌కు కరెంటు గుయ్యిమనే రొద పడతది. నడిమి పికప్ చుట్టుడు ఉల్టా చేసి, అయస్కాంతాన్ని గూడ ఉల్టా పెడితే, అది పక్క పికప్‌తోని కలిసినప్పుడు రెండిట్ల రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటది, తీగ సౌండ్ మాత్రం కూడుతది. 1957లోనే ప్రెసిషన్ బేస్ పికప్‌ను రెండు ముక్కలు చేసి లియో పట్టిన ఉపాయం గూడ ఇదే.

ఆయన వైరింగు అందరికి నచ్చకపోవచ్చు, నాకు దాంతోని పంచాది లేదు. మెడను నాలుగు స్క్రూలతోని బిగించిండు. స్ట్రాటోకాస్టర్‌కైతే పికప్‌లు, వాల్యూము, టోను అన్నీ ఒక్క ప్లాస్టిక్ పలక మీదనే. పలక ఇప్పితే కడుపంత బయటికొస్తది. రిపేరు షాపోడు చేసిన వస్తువు కాబట్టే గట్లుంది. గమ్ పెట్టి అతికిచ్చిన ఫోన్లు పట్టుకొని మా దగ్గరికొచ్చే తమ్ముళ్లు ఒక్కపారి ఆలోచించున్రి, బ్యాటరీ మార్చాల్నంటే అద్దం పగిలే వస్తువును మీరు ఎట్ల కొంటున్నరో.

పాణం బాగలేక 1965లో కంపెనీని సీబీఎస్‌కు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మిండు. ఇంట్ల కూసోలె. మ్యూజిక్ మ్యాన్‌ల చేసిండు, తర్వాత ఫుల్లర్టన్‌లనే జీ అండ్ ఎల్ పెట్టిండు. ఆడ చేసిన ఎల్-2000 బేస్‌కు సిరీస్, ప్యారలల్ మార్చుకునే చిన్న స్విచ్చు పెట్టిండు. చానామంది పలక ఇప్పి, వైరు కోసి చేసుకునే పనిని, ఇగ వాయించెటోని వేలి కిందికే తెచ్చిండు. పార్కిన్సన్స్ జబ్బు ముదిరినా షాపు పని ఇడవలె. 1991 మార్చి 21న పోయిండు.