కోశాధికారి బసవేశ్వరుడు

పరుల ధనము చేతిలోనున్న వానికి ప్రతిదినమును పరీక్షయే. మన బసవేశ్వరుని భక్తునిగా, సంస్కర్తగా నిత్యము స్మరించుచున్నాము. కొలువు చేసిన అధికారిగా స్మరించుట అరుదు.

క్రీ.శ. 12వ శతాబ్దమున, నేటి కర్ణాటకములోని బాగేవాడి యందు మాదిరాజు, మాదాంబ దంపతులకు ఆయన జన్మించెను. ఉపనయనమును నిరాకరించి, కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమును చేరి విద్య నభ్యసించెను. పిదప కలచురి బిజ్జలుని కొలువున మంగళవాడలో కరణముగా చేరి, లెక్కలయందలి నేర్పుచే భండారి యయ్యెనని సంప్రదాయము. మేనమామ బలదేవుని అనంతరము దండనాయక పదవియు లభించెను. బిజ్జలుడు చాళుక్యుల రాజ్యమును కైవసము చేసికొని కల్యాణమున నెలకొనగా, బసవన్నయు అచట స్థిరపడెను.

కల్యాణమున ఆయన గృహము జంగమదాసోహమునకు నిలయమయ్యెను. అసూయాపరులకు అదియే సాకైనది. కోశధనము జంగముల పాలగుచున్నదని రాజునకు కొండెములు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. బసవన్న పదవిని అడ్డు పెట్టుకొనక, ధనమును రాజు ఎదుటనే లెక్కింపజేసెను. ఒక్క మాడయు తగ్గలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున దీనిని శివమహిమగా వర్ణించెను. ఆ మహిమకు మ్రొక్కుదము. దాని వెనుకనున్న నడవడిని కూడ గ్రహింతము. దాసోహము కాయకార్జితముతో జరుగవలెను. కోశము రాజ్యమునకు చెందినది. ఈ రెంటి నడుమ గీటును ఆయన చెరుపలేదు.

అంతకంటె కఠినమైన పరీక్ష పిదప వచ్చెను. బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెను, చర్మకారుడైన హరళయ్య కుమారునకిచ్చి శరణులు వివాహము జరిపించిరి. ఛాందసులు వర్ణసంకరమని గగ్గోలు పెట్టిరి. బిజ్జలుడు తండ్రు లిద్దరిని క్రూరముగా శిక్షించెను. అన్నము పెట్టిన రాజు ఒకవైపు, నమ్మిన సమత్వము ఒకవైపు. లెక్కపుస్తకము తీర్చు చిక్కు కాదిది. బసవన్న అధికారమును, కల్యాణమును విడిచి కూడలసంగమమును చేరెను. 1167 ప్రాంతమున అచటనే లింగైక్యము నందెను.

మఠముల లెక్కలు వ్రాయువారును, సంఘనిధులు చూచువారును, కార్యాలయములలో పదిమందిపై అధికారము గలవారును ఈ చరిత్రను మననము చేయవలెను. లెక్క అడిగిననాడు నొచ్చుకొనక పెట్టె తెరువవలెను. అన్యాయమునకు చేయి కలుపుమన్ననాడు తాళపుచెవి అప్పగించి లేవవలెను. మొదటిది పలువురకు సాధ్యమే. రెండవదానికి సంసారభారము అడ్డువచ్చును, నిజమే. అడ్డువచ్చినపుడే గదా బసవన్న మనకు జ్ఞప్తికి రావలసినది!