ఐదుగురు అమ్మాయిలతో మొదలైన బడి

మన మొహల్లాలో చిన్న బడి ఉందంటే ముందు అడిగే మాట ఒకటే: పిల్లలెంతమంది? ఇరవైమందే అంటే పెదవి విరుస్తాం. ఐదుగురంటే దాన్ని బడి అనడానికే ఒప్పుకోం. కానీ 1909 అక్టోబరు 1న భాగల్‌పూర్‌లో ఒక ముస్లిం వితంతువు సరిగ్గా ఐదుగురు ఆడపిల్లలతోనే బడి తెరిచారు. ఆమె పేరు బేగం రొకేయా సఖావత్ హుస్సేన్. ఆమె పెట్టిన బడి ఈనాటికీ కోల్‌కతాలో నడుస్తోంది.

రొకేయా 1880 డిసెంబరు 9న రంగ్‌పూర్ జిల్లా పైరాబంద్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. వాళ్లది జమీందారీ కుటుంబం. కొడుకులను కలకత్తా పంపి కాలేజీలో చదివించారు. కూతుళ్లకు మాత్రం ఖుర్‌ఆన్ పారాయణం, కాస్త ఉర్దూ వస్తే చాలనుకున్నారు. బెంగాలీ, ఇంగ్లీషు వాళ్లకు దూరం. పర్దా ఎంత కఠినమంటే ఐదేళ్ల వయసులోనే పరాయి ఆడవాళ్లు వచ్చినా ఆ పసిపిల్ల దాక్కోవాల్సి వచ్చేది.

అయినా చదువు ఆగలేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక పెద్దన్న ఇబ్రాహీం కొవ్వొత్తి వెలుగులో చెల్లెలికి అక్షరాలు నేర్పేవారు. అక్క కరీమున్నిసా బెంగాలీలో సాయం చేశారు. రొకేయా చదివిన బడి అంతే. ఆ అన్నను ఆమె మర్చిపోలేదు. తర్వాత రాసిన ‘పద్మరాగ్’ నవలను ఆయనకే అంకితమిచ్చారు.

భాగల్‌పూర్‌కు చెందిన డిప్యూటీ మేజిస్ట్రేట్ సఖావత్ హుస్సేన్‌తో ఆమె నికాహ్ జరిగింది. ఆయన వయసులో చాలా పెద్ద, మొదటి భార్య చనిపోయింది. కానీ భార్య చదువుకుంటే, రాస్తే సంతోషించే మనిషి. ఆయన ప్రోత్సాహంతోనే రొకేయా ఇంగ్లీషులో ‘సుల్తానాస్ డ్రీమ్’ రాశారు. 1905లో దాన్ని అచ్చేసింది మన మద్రాసు నుంచి వచ్చే ఒక మహిళా పత్రికే.

ఆ ఇంట్లో సుఖం ఎంతో కాలం లేదు. పుట్టిన ఇద్దరు ఆడబిడ్డలూ పసితనంలోనే పోయారు. 1909 మే నెలలో భర్త కూడా కన్నుమూశారు. ఆడపిల్లల బడి కోసమని ఆయన పదివేల రూపాయలు పక్కన పెట్టి వెళ్లారు. ఇద్దత్ గడిచిన కొద్ది రోజులకే రొకేయా బడి తెరిచారు. అయితే ఆస్తి విషయంలో సవతి కూతురి కుటుంబంతో తగాదా రావడంతో భాగల్‌పూర్ వదలాల్సి వచ్చింది. 1911 మార్చి 16న కలకత్తా వలీయుల్లా లేన్‌లో, ఒక అద్దె ఇంట్లో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పిల్లలు ఎనిమిది మంది.

ఆమె జీవితంలో ఏనాడూ తరగతి గదిలో కూర్చోలేదు. అందుకే ఇతర బాలికల బడులకు వెళ్లి పాఠాలెలా చెబుతారో, బడినెలా నడుపుతారో చూసి నేర్చుకున్నారు. తర్వాత బురఖా వేసుకుని ఇంటింటికీ తిరిగారు. తల్లిదండ్రులకు నచ్చజెప్పారు. పిల్లల పర్దాకు లోటు రాదని మాటిచ్చారు. బండి కూడా బడే పంపింది. మొదట బస్సును అన్ని వైపులా మూసేస్తే ఉక్కకు, చీకటికి పిల్లలు అల్లాడిపోయారు, కొందరు స్పృహ తప్పారు. సరేనని గాలి ఆడేలా పరదాలు కడితే, అవి గాలికి ఎగురుతున్నాయని బెదిరింపు ఉత్తరాలొచ్చాయి. ఇటు చూస్తే పిల్లల ప్రాణం, అటు చూస్తే జనం మాట. ఆమె రెండింటినీ ఓర్చుకుంటూ బడి నడిపారు.

ఆ బడిలో ఖుర్‌ఆన్ అర్థంతో సహా నేర్పేవారు. ఉర్దూ, ఇంగ్లీషు, తర్వాత బెంగాలీ చెప్పేవారు. కుట్టుపని, వంట, రోగులకు సేవ చేయడం, వ్యాయామం కూడా ఉండేవి. దీన్ ఒక చోట, దునియా ఒక చోట అని విడదీయలేదు. కలకత్తాలో టీచరమ్మలు దొరక్కపోతే మద్రాసు, గయ, ఆగ్రాల నుంచి పిలిపించారు. 1916లో అంజుమన్ స్థాపించి పేద స్త్రీలకూ, వితంతువులకూ అండగా నిలిచారు.

అలా ఏడాదికో మెట్టు ఎక్కుతూ ఆ చిన్న ప్రైమరీ బడి 1930 నాటికి హైస్కూలైంది. 1932 డిసెంబరు 9న, తాను పుట్టిన తేదీనే, రొకేయా ఈ లోకం విడిచారు. ముందురోజు రాత్రి కూడా స్త్రీల హక్కుల మీద వ్యాసం రాస్తూనే ఉన్నారు. సోదేపూర్‌లో ఆమె ఖబర్ ఉన్న చోట ఇప్పుడు ఆడపిల్లల బడి నడుస్తోంది.

పిల్లలు తక్కువని చిన్న బడులు మూతపడుతున్న రోజులివి. ఒక్కసారి ఆలోచిద్దాం. అమ్మాయిని గడప దాటించడానికి భయపడే తల్లి ముందు నమ్మేది పెద్ద భవనాన్ని కాదు, తన ఇంటికొచ్చి మాట్లాడిన మనిషిని. నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండి, పేరు పెట్టి పిలిచే టీచరు ఉన్న బడినే. అలాంటి బడి మన వీధిలో ఉంటే దానికి మన పిల్లలను పంపడం, చేతనైన సాయం చేయడం కూడా సదఖయే. ఐదుగురు ఉన్నారంటే మొదలైనట్టే.

అల్లాహ్ బేగం రొకేయాకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.