డాక్టరు మేరీ వర్గీసుగారు

మన పల్లెలనుండి రాయవేలూరు ఆసుపత్రికి వెళ్లివచ్చినవారు అనేకులు గలరు. అచ్చటి డాక్టరు మేరీ వర్గీసుగారిని ఈ మాసము మేము స్మరించుచున్నాము.

1925లో కేరళలో జన్మించిన ఈమెకు 1954లో కారు ప్రమాదమువలన వెన్నెముక దెబ్బతిని, నడుము క్రిందిభాగము చచ్చుబడెను. అయితే చేతులు మిగిలినవి గదా! డాక్టరు పాల్ బ్రాండుగారి ప్రోత్సాహముతో, చక్రాల కుర్చీలో కూర్చుండియే, కుష్ఠరోగుల ముడుచుకొనిపోయిన వ్రేళ్లకు శస్త్రచికిత్స చేసిరి. తమకంటెను కదలలేని వైద్యురాలిని చూచి ఆ రోగులేమనుకొనిరో!

పిమ్మట న్యూయార్కులో శిక్షణపొంది వచ్చి, 1966లో వేలూరులో పునరావాస కేంద్రము నెలకొల్పిరి. అంతకుముందు వెన్ను విరిగినవాడు ఇల్లుచేరి, మంచముననే పుండ్లుపడి కృశించుచుండెడివాడు. ఇచ్చటనో, మంచమునుండి కుర్చీలోనికి తానే మారుటయు, స్నానము చేసికొనుటయు, చేతిపనితో సంపాదించుటయు నేర్పిరి. 1972లో పద్మశ్రీ వచ్చెను. 1986లో ప్రభువునందు నిద్రించిరి.