కాటన్ దొర – గోదావరి ఆనకట్ట

గుర్రం మీద కూర్చున్న తెల్లదొర విగ్రహాలు మన గోదావరి జిల్లాల్లో ఊరూరా కనబడతాయి. మే 15 వచ్చిందంటే రైతులు వాటికి దండలు వేస్తారు. గోదావరి స్నానంలో ఆయన పేరు కూడా సంకల్పంలో చెప్పుకునే పురోహితులున్నారని పెద్దలంటారు. మా ఇళ్లలో దేవుడి పటాల పక్కన ఆయన పటం ఉంటే ఎవరూ వింతగా చూడరు. కాని దేవుణ్ణి చేసేశాక మనిషి సంగతి మరుగున పడిపోతుంది. సర్ ఆర్థర్ థామస్ కాటన్ అనే ఆ మనిషి ఏం చేశాడు, ఏది చేయకుండా వెళ్లాడు అన్నది ఈ వ్యాసంలో నాకు చేతనైనంత చెబుతాను.

1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది మగపిల్లల్లో పదోవాడు. అలాంటి ఇళ్లలో చిన్నవాళ్లకి ఆస్తి రాదు, ఉద్యోగమే గతి. పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. 1821లో మద్రాసు ఇంజనీర్లలో పనికి మన దేశం వచ్చాడు. మధ్యలో బర్మా యుద్ధానికి పోయొచ్చాడు. ఆ తర్వాత కావేరి నీటి పనులు చూసే పని ఒప్పజెప్పారు. అసలు చదువు అక్కడ మొదలైందని చెప్పాలి.

తంజావూరు సీమలో చోళులనాటి కల్లణై ఉంది కదా! రాతినేల దొరకని నదిలో, వట్టి ఇసుక మీద, ఇంత బరువైన కట్టడం వందల ఏళ్లు ఎలా నిలిచిందన్నది ఆయనకు పెద్ద ప్రశ్న. పెద్ద రాళ్లు ఇసుకలోకి దిగి దిగి, ఇక దిగలేనిచోట ఆగి, ఆ పైన కట్టింది స్థిరపడిందని గమనించాడు. ఆ పాఠంతోనే కొళ్లిడం మీద రెండు ఆనకట్టలు కట్టించాడు. 1836కి అవి పూర్తయ్యాయి. ఇంగ్లండులో ఏ పుస్తకంలోనూ దొరకని విద్య మన పాత మేస్త్రీల పనితనం చూసి నేర్చుకున్నాడన్నమాట. ఆ మేస్త్రీల పేర్లు మనకి తెలియవు, వాళ్ల విగ్రహాలూ లేవు.

గోదావరి సీమ పరిస్థితి అప్పటికి ఘోరంగా ఉంది. 1832-33 నందన కరువులో గుంటూరు సీమలో లక్ష మందికి పైగా చచ్చిపోయారు. 1839లో కోరంగి మీద తుపాను ఉప్పెన విరుచుకుపడింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1840ల నాటి లెక్కకి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. జిల్లా సంగతి విచారించమని కంపెనీ పంపిన హెన్రీ మాంట్‌గోమరీ, 1844లో ఇచ్చిన నివేదికలో కావేరి పనుల వంటివి ఇక్కడా చేయాలన్నాడు. విశాఖపట్నంలో సముద్రపు కోతకి అడ్డుకట్టలు వేయించే పనిలో ఉన్న కాటన్‌కి గోదావరి అప్పగించారు.

ఆయన గట్ల వెంట తిరిగి డెల్టా వాలు కొలిచాడు. ఇక్కడ కాస్త విజ్ఞానశాస్త్రం చెప్పుకోవాలి. డెల్టా నది మామూలు నది లాంటిది కాదు. ఏటేటా ఒండ్రు పోసి తన గట్టునే ఎత్తు చేసుకుంటుంది. అందువల్ల ఏటి ఒడ్డు మెరక, దూరం పోయేకొద్దీ పల్లం. వరదనీరు ఒకసారి గట్టు దాటిందంటే మళ్లీ నదిలోకి రాదు, పల్లానికే పోతుంది. దీన్నే ఆయన ఉపాయంగా వాడుకున్నాడు. డెల్టా తలదగ్గర నీటిమట్టం కొంచెం ఎత్తి, మెరకల మీదుగా కాలవలు తీస్తే, నీరు దానంతట అదే ఇరువైపులా పొలాల్లోకి దిగుతుంది. మోటలు అక్కర్లేదు, ఏతాలు అక్కర్లేదు.

1847లో పని మొదలైంది. లంకలతో కలిపి అక్కడ నది వెడల్పు నాలుగు మైళ్ల దాకా ఉంటుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టిన రాతికట్ట పొడవే రెండు మైళ్లు దాటింది. ఇసుకలో లోతులేని బావులు దింపి, వాటి మీద గోడ లేపి, దిగువన పెద్ద బండలు పరిచారు. రాయి ధవళేశ్వరం కొండది. దాన్ని మోయడానికి పట్టాలు వేసి బండ్లు నడిపించారు. మన దేశంలో ప్రయాణికుల రైలు ఇంకా రాని రోజులవి! కాటన్ అడిగినంత మంది ఇంజనీర్లను పైవాళ్లు ఇవ్వలేదు. ఊళ్ల నుంచి వేలాది కూలీలను పోగుచేసి పని నడిపించడంలో వీణెం వీరన్న గారు ఆయనకు కుడిభుజం. 1848లో జబ్బు చేసి కాటన్ ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చింది. పని కెప్టెన్ ఆర్ చూశాడు. 1850లో కాటన్ తిరిగివచ్చాడు, 1852కి ఆనకట్ట పూర్తయింది. ఈ ఆర్ గారే తర్వాత బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టించాడు.

విజ్జేశ్వరం నుంచి బయల్దేరిన ఏలూరు కాలవ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరి, అక్కడ కృష్ణ నుంచి వచ్చిన కాలవను కలుసుకుంది. రెండు నదులకూ అక్కడ వియ్యం. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు దూరదేశాలు పోయేవి. వరి విస్తరించింది, కంపెనీకి శిస్తు పెరిగింది. కాటన్ ధర్మాత్ముడే, కాదనను. కాని పైవాళ్లను ఒప్పించింది మాత్రం లాభం లెక్కతోనే.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తెలియంది, లేదా తెలిసీ మాట్లాడనిది ఏమిటంటే, ఆనకట్ట వరదని ఆపదు. తక్కువ నీరున్నప్పుడు దాన్ని కాలవకి మళ్లించడమే దాని పని. వరదొస్తే నీరు దాని మీద నుంచి దూకి పోతుంది. మనల్ని కాపాడాల్సింది ఏటిగట్లు. 1970లో మొదలై 1982కి పూర్తయిన ఇప్పటి కాటన్ బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. అయినా 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్లు తెగి ఊళ్లకు ఊళ్లే మునిగాయి.

రెండో సంగతి మరీ మన ప్రాంతానిది. కృష్ణా గోదావరులు రెండూ చెరో పక్క ఒండ్రు పోసుకుంటూ పోగా నడుమ మిగిలిపోయిన గుంట కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, రెండు డెల్టాల మురుగు అంతా అందులోకే. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, అది అరవై కిలోమీటర్ల దాకా వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. కాటన్ నాటి దృష్టి నీరు తేవడం మీద ఉంది. తెచ్చిన నీరు పోయే మార్గం మీద అంత లేదు. పొలాలు పెరిగేకొద్దీ మురుగూ పెరిగింది. 1960లలో మిత్రా కమిటీ డెల్టా మురుగు కాలవల సంగతి చూడవలసి వచ్చిందంటే, వందేళ్ల తర్వాత కూడా ఆ లెక్క తేలలేదన్నమాట. ఆ తర్వాత మనం చేసింది మరీ అన్యాయం. సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు లేపాం. 1999లో అయిదో కాంటూరు లోపలి భాగం అభయారణ్యమైంది, 2006లో చెరువుల గట్లు పగలగొట్టారు. నీరు నిలవాల్సిన చోట గట్లుంటే ఆ నీరు ఎక్కడికి పోవాలి?

మా తాడేపల్లిగూడెం వైపు ఇంకో చిక్కు. ఏలూరు కాలవ మెట్ట అంచున పోతుంది. మెట్ట మీద నుంచి దిగే వాగులన్నీ దాన్ని దాటాలి. ఎర్రకాలువ నందమూరు అక్విడక్టు కింద నుంచి దాటి, దిగువన యనమదుర్రు డ్రెయిను అవుతుంది. ఆ ఖానాల్లో పట్టేటంత నీరే కిందికి పోతుంది. మిగతాది వెనక్కి తన్ని పొలాల మీద పడుతుంది. 2024 జూలైలో అదే జరిగింది. ఊడ్చిన చేలు వారం నీళ్లలో ఉంటే నారు కుళ్లుతుంది. మళ్లీ నారు కొనాలి, మళ్లీ కూలీ ఇవ్వాలి. రైతు కొడుకుని గనక ఈ లెక్క నాకు నోటికొచ్చు. ఎగువ ఊరివాళ్లు అడ్డు తీయమంటారు, తీస్తే మేం మునుగుతామని దిగువవాళ్లంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచి కొల్లేరుకొచ్చింది. 2020 అక్టోబరులో తమ్మిలేరు ఏలూరు కాలనీల్లోకొచ్చింది.

గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ నీటియావిరి పట్టుకోగలదని ఫిజిక్సులో చదువుకుంటున్నాం. అంటే కురిసేటప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. కాటన్ పాత వరదల గుర్తులు చూసి కట్టాడు. ఆనాటికి అదే సరైన పద్ధతి. ఇప్పుడు పాత గుర్తు నమ్మి ఖానా వెడల్పు నిర్ణయిస్తే చాలదు.

కాటన్ తర్వాతి జీవితం అంత విజయవంతం కాదు. 1860లో ఉద్యోగం వదిలాడు, మరుసటి ఏడు సర్ బిరుదు వచ్చింది. ఆయన సలహా ఇచ్చిన ఒరిస్సా కాలవల కంపెనీ దివాలా తీసే స్థితికొస్తే 1868లో ప్రభుత్వం కొనేసింది. కర్నూలు-కడప కాలవ తవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ గతీ 1882లో అదే అయింది. గోదావరిలో ఫలించింది ప్రతిచోటా ఫలిస్తుందని ఆయన అనుకున్నట్టుంది. రైళ్ల కన్నా కాలవలు మేలని 1878లో పార్లమెంటు కమిటీ ఎదుట వాదించాడు. నెగ్గలేదు. అప్పటికి దక్షిణాదిలో మహాకరువు లక్షల మందిని తినేసి ఏడాదైంది.

ముసలితనంలో డోర్కింగ్ అనే ఊళ్లో ఉన్నాడు. తన పెరట్లో నేల లోతుగా తవ్వి గోధుమ పండించి, దిగుబడి ఎంతొస్తుందో లెక్కలు రాసుకునేవాడు. 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో, అక్కడే కన్నుమూశాడు. మన పశ్చిమ డెల్టాలో అవి సార్వా ఊడ్పుల రోజులు.