బాలవాడికి బడ్జెట్ తెచ్చిన దుర్గాబాయి

మిరపకోతల కాలం వచ్చిందంటే పొన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారకముందే ఆటోలు కదులుతాయి. వెనకా ముందూ ఆడకూలీలే. మీరూ చూసే ఉంటారు. ఎప్పుడైనా ఆలోచించారా, వాళ్ల ఇంట్లో ఏడాదిన్నర బిడ్డ ఆ పూట ఎవరి దగ్గరుంటుందో? నానమ్మ ఉంటే సరే. లేకపోతే బడి మానుకున్న అక్క చంకన. అదీ కుదరకపోతే చేను గట్టున, చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లో.

ఆ బిడ్డని చూసుకోవడం తల్లి తలనొప్పి మాత్రమేనా, ప్రభుత్వ ఖజానాకి కూడా బాధ్యత ఉందా? ఉందని నమ్మి, నిధులు పంచే కుర్చీలో కూర్చుని ఆ పని చేసి చూపించిన తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్.

టికెట్ లేనిదే లోపలికి లేదు

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకుని బయటికొచ్చారు. ఇంకా చిన్నపిల్లగా ఉండగానే ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల నడిపారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వలంటీరు ఆవిడే. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే దారి వదిలారు. చిన్న సంఘటనే. కానీ ప్రజల డబ్బు లెక్కలో ఎంతటివాళ్లకైనా మినహాయింపు ఉండకూడదన్న పట్టుదల ఆవిడకి చివరిదాకా ఉంది.

జైలు నుంచి లా కాలేజీకి

ఉప్పు సత్యాగ్రహం ఆవిడని జైలుకి పంపింది. 1930 నుంచి 1933 మధ్య మూడుసార్లు శిక్ష పడింది. మధుర జైల్లో ఏడాదిపాటు ఒంటరి ఖైదు. అక్షరం రాక, చట్టం తెలియక శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లని ఆవిడ చూసింది జైళ్లలోనే. బయటికొచ్చాక ఆగిపోయిన చదువుని మళ్లీ పట్టుకున్నారు. బెనారస్ మెట్రిక్యులేషన్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పొలిటికల్ సైన్స్, 1942లో మద్రాసులో లా పట్టా. వయసు దాటిపోయిందని, గ్యాప్ వచ్చిందని బెంగపడే మీలాంటి వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన వరస ఇది.

చదువుకుంటూనే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. పెద్దయ్యాక చదువు మొదలుపెట్టిన ఆడవాళ్లని పరీక్షలకి తయారుచేయడం ఆ సంస్థ తొలి పనుల్లో ఒకటి. చందాలతో సంస్థ నడపడం ఎంత కష్టమో అక్కడే తెలిసొచ్చింది.

ఓడిపోయాక వచ్చిన పని

1946లో రాజ్యాంగ సభకి వెళ్లారు. పొన్నూరు పక్కనే నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా కూడా ఆ సభలో సభ్యులే. సభాధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ దుర్గాబాయి.

ఇంత పేరున్న మనిషి 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. అయితే ఆవిడ పనిని గుర్తుంచుకున్న నెహ్రూ ప్రభుత్వం ప్రణాళికా సంఘంలోకి తీసుకుంది. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంక్షేమ సంస్థలకి సాయంగా 4 కోట్ల రూపాయలు పెట్టారు. ఆ డబ్బు పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి చైర్‌పర్సన్ దుర్గాబాయే. అదే ఏడాది, అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ని పెళ్లి చేసుకున్నారు.

1954లో బోర్డు పల్లెల కోసం సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలుపెట్టింది. ఒక్కో ప్రాజెక్టు కిందికి పాతిక దాకా ఊళ్లు వచ్చేవి. అందులో పిల్లలకి బాలవాడి, గర్భిణులకి మంత్రసాని సాయం, తల్లులకి చదువు, చేతిపని. బిడ్డని, తల్లిని విడదీసి చూడలేదు. అసలు మర్మం ఇదే. బిడ్డకి భద్రమైన చోటు ఉంటేనే తల్లి పనికెళ్తుంది, అక్క బడికెళ్తుంది. 1958లో మహిళా విద్యపై వేసిన జాతీయ కమిటీకి ఆవిడే నాయకత్వం వహించారు.

1975లో ఆవిడకి పద్మవిభూషణ్ వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల ఐసీడీఎస్ మొదలైంది. మన అంగన్‌వాడీ దాని బిడ్డే. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు.

మిగిలిన పని

ఇక ఇప్పటి లెక్క చూడండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి చదువు ప్రాథమిక హక్కు. ఆరేళ్లలోపు వాళ్ల సంరక్షణ, విద్య మాత్రం 45వ అధికరణంలో ఆదేశిక సూత్రంగానే ఉన్నాయి. అంటే ప్రభుత్వం ప్రయత్నించాలి, అంతే. 2013 ఆహార భద్రత చట్టం అంగన్‌వాడీ భోజనాన్ని హక్కు చేసింది. కానీ మూడేళ్లలోపు బిడ్డకి దక్కేది ఎక్కువగా ఇంటికిచ్చే సరుకులే, చూసుకునే మనిషి కాదు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో క్రష్ ఉండాలని 2017లో చట్టం సవరించారు. మరి పూటకో చేలో పనిచేసే కూలీకి ఏ సంస్థ? పొద్దెక్కాక తెరిచే కేంద్రం, చీకటితో ఆటో ఎక్కే తల్లికి ఎంతవరకు ఉపయోగం?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. దుర్గాబాయి కాలపు నమూనా సేవాభావం మీద నిలబడింది. ఆ నీడ ఇంకా పోలేదు. అంగన్‌వాడీ టీచర్‌కి ఇచ్చేదాన్ని ఈరోజుకీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో వాళ్లు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. సేవ అని పొగిడి జీతం తగ్గించే పద్ధతి మారకపోతే మంచి చదువున్న మీరు ఆ ఉద్యోగానికి రారు. నష్టం మళ్లీ ఆ బిడ్డకే.

మరి మీరేం చేయొచ్చు?

హోమ్ సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ లాంటి డిగ్రీలు చేస్తున్నవాళ్లు మహిళా శిశు సంక్షేమ శాఖ నోటిఫికేషన్లపై కన్నేయండి. సూపర్‌వైజర్, సీడీపీఓ పోస్టులకి పోటీ పడండి. అంగన్‌వాడీనే క్రష్‌గా మార్చే పాల్నా పథకాన్ని కేంద్రం తెచ్చింది. మీ ఊళ్లో అది ఉందా అని గ్రామసభలో అడగండి. కోతల కాలంలో కేంద్రం ఎన్నింటికి తెరిస్తే కూలీలకి పనికొస్తుందో, ముందు ఆ తల్లులనే అడిగి రాసుకుని వెళ్లండి.

దుర్గాబాయి దగ్గర నేర్చుకోవాల్సింది ఇదే. జాలిపడి ఊరుకోలేదు, చందాలతో సరిపెట్టుకోలేదు. బిడ్డ పేరు మీద బడ్జెట్‌లో ఒక పద్దు రాయించి, ఆ డబ్బు ఊరిదాకా చేరేలా చూశారు. చీర ఉయ్యాల్లోని బిడ్డ కోసం ఆ పద్దు పెంచమని అడగడం ఇప్పుడు మన వంతు.