యంత్రమే గురువు

కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాతృభాషగా గల ఒక వ్యవసాయ కుటుంబంలో 1893 మార్చి 23న గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించారు. జి.డి. నాయుడుగా లోకానికి పరిచితులైన ఆయనకు పసితనంలోనే మాతృవియోగం సంభవించింది. బడి చదువుపై మనసు నిలువక, ప్రాథమిక స్థాయిలోనే దానికి స్వస్తి చెప్పారు.

యౌవనారంభంలో ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలుపై వెళ్లడం ఆయన కంటబడింది. ఎద్దులు గాని గుర్రాలు గాని లాగకుండానే పరుగెత్తే ఆ వాహనం ఆయనను ఆశ్చర్యచకితుణ్ణి చేసింది. అది ఎట్లా కదులుతున్నదో తెలుసుకోవాలన్న జిజ్ఞాస కలిగింది. అయితే చేతిలో ధనం లేదు. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా కుదిరారు. సుమారు మూడేళ్లపాటు పైసా పైసా కూడబెట్టి, ఆ వాహనాన్ని కొన్నారు.

కొన్న వెంటనే దానిని విప్పడం ప్రారంభించారు. మూడేళ్ల కష్టార్జితం చక్రాలుగా, మరలుగా విడిపోయి నేలపై పరచుకొన్నది. తిరిగి అమర్చలేకపోతే మిగిలేది ఇనుప ముక్కలే. దగ్గరుండి నేర్పే గురువు లేడు. అయినా ఆయన వెనుకాడలేదు. విప్పారు, బిగించారు, మళ్లీ విప్పారు. గాలితో కలిసిన పెట్రోలు నిప్పురవ్వ తగిలి మండడం, ఆ వేడికి వ్యాకోచించిన వాయువులు పిస్టనును నెట్టడం, ఆ బలం చక్రాన్ని చేరడం క్రమంగా ఆయనకు అవగతమయ్యాయి. ఆ జ్ఞానమే ఆయనను మెకానిక్కుగా తీర్చిదిద్దింది.

1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల నడుమ ఒకే ఒక్క బస్సుతో ఆయన రవాణా వ్యాపారం ప్రారంభించారు. 1933 నాటికి ఆయన సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీస్ 280 బస్సులకు పెరిగింది. 1937లో భారతదేశపు తొలి విద్యుత్ మోటారు తయారీలో ఆయన భాగస్వామి అయ్యారు.

బడిలో ఇమడలేని ఆయన 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థల స్థాపనకు మూలకారకులయ్యారు. దీర్ఘకాలపు పుస్తక పాఠాలకంటె, తక్కువ కాలంలో చేతితో చేసి నేర్చే విద్య మేలని ఆయన విశ్వాసం. ప్రభుత్వం ఆ పద్ధతికి అంగీకరించకపోవడంతో పదవిని త్యజించారు.

1974 జనవరి 4న ఆయన పరమపదించారు. తెలియని యంత్రాన్ని భయపడక విప్పి, ఓర్పుతో తిరిగి బిగించగల చేతులకు పేదరికం అడ్డుకాదని ఆయన జీవితం నిరూపించింది.