బోదవ్యాధిపై పోరు సల్పిన యల్లాప్రగడ

భద్రాచలం అడవుల అంచున సాగి, పాపికొండల నడుమ ప్రవహించే గోదావరి దిగువనున్న పొలాలకు సిరులనిచ్చింది. అయితే ఆ సీమలోని మురుగునీటిలో పెరిగిన దోమలు తరతరాలుగా బోదకాలు వ్యాధిని వ్యాపింపజేశాయి. ఈ వ్యాధికి మందును ప్రపంచానికి అందించిన పరిశోధక బృందానికి మార్గదర్శి, ఆ గోదావరి సీమలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. సంగ్రహణి వ్యాధి సోదరులను బలిగొనడంతో వ్యాధుల మూలాన్ని శోధించాలన్న పట్టుదల ఆయనలో బలపడింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది.

ఉన్నత విద్యకై అమెరికాలోని బోస్టన్ నగరం చేరిన సుబ్బారావును పేదరికం వెన్నాడింది. పొట్టకూటికై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనికి కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరిచారు. పగలు హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. 1925లో ఫిస్కేతో కలసి, శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, ఆరియోమైసిన్ ఆవిష్కరణ ఆయన నేతృత్వంలోనే జరిగాయి. 1947లో బోదవ్యాధికి హెట్రజాన్ వెలువడింది. డైఇథైల్ కార్బమజీన్ అనే ఆ ఔషధం రక్తంలోని సూక్ష్మక్రిములను నశింపజేసి, దోమల ద్వారా వ్యాధి ఇతరులకు సోకకుండా అడ్డుకుంటుంది. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మందు వ్యాప్తిని అరికట్టినా, రసనాళాలు దెబ్బతిని ఉబ్బిన కాలును పూర్వస్థితికి తేలేదు. శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడా రోగికి నిత్యపరిచర్య తప్పదు. గాయం మానినాక కాలిని ప్రతిదినం సబ్బుతో కడిగి, వేళ్ల సందులలో తడి లేకుండా తుడవాలి. పుండ్లు ఏర్పడినవేమో పరిశీలించాలి. కాలిని ఎత్తుగా ఉంచి, వైద్యుల సూచన మేరకు కట్టు కట్టి, తేలిక వ్యాయామం చేయించాలి. నిర్లక్ష్యం చేస్తే సూక్ష్మక్రిములు చేరి జ్వరం, వాపు తిరగబెడతాయి.

1995లో భారత ప్రభుత్వం సుబ్బారావు స్మారకంగా తపాలాబిళ్ల విడుదల చేసింది. ప్రయోగశాలలో ఔషధాన్ని అన్వేషించిన చేతులే ఒకనాడు రోగుల పాత్రలను కడిగాయి. చికిత్సకు విజ్ఞానమెంత అవసరమో, పరిచర్య కూడా అంతే అవసరమని ఆయన జీవితం చాటుతున్నది.